వంద బోనస్‌కి మూడున్నర వేల చాకిరీ

ఆన్‌లైన్ క్యాసినోల మీద లోకానికి చిన్నచూపు. జూదం అంటారు, కొంపలు కూల్చే యవ్వారం అంటారు. ఉపాధి కల్పనలో వాటి సేవను మాత్రం ఎవరూ గుర్తించరు. చదువు అడగకుండా, అనుభవం అడగకుండా, అర్ధరాత్రి రెండింటికి కూడా క్షణాల్లో పనిలో పెట్టుకునే సంస్థ ఇంకెక్కడైనా ఉందా? అపాయింట్‌మెంట్ ఆర్డరు పేరు వెల్‌కమ్ బోనస్. జీతం విషయంలోనే చిన్న తేడా: పనిచేసేవాడే ఎదురిస్తాడు.

100 వేస్తే ఇంకో 100 ఇస్తారు. వేజరింగ్ 35 రెట్లు, అంటే ఆ బోనస్‌కి 35 రెట్లు, మొత్తం 3,500 పందెం కాస్తే గానీ పైసా బయటికి రాదు. స్లాట్ (బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే ఆట) ఆర్‌టీపీ, అంటే కాసినదాంట్లో సగటున ఆటగాళ్ళకి తిరిగొచ్చే వాటా, 96 శాతం అనుకుందాం. కాసిన ప్రతి 100లో సగటున 4 క్యాసినోకి పోతుంది. 3,500 మీద ఆ కోత 140. వంద కానుక పుచ్చుకున్నందుకు నూటనలభై చదివింపులన్నమాట. స్పిన్‌కి 1 చొప్పున నిమిషానికి పది స్పిన్లు నొక్కినా దాదాపు ఆరు గంటల డ్యూటీ. ఇదీ ఉదారమైన ఆఫరే సుమా. షరతుల్లో ‘డిపాజిట్ + బోనస్’ అని ఉంటే 35 రెట్లు 200కి పడతాయి: కాయాల్సింది 7,000, సగటు కోత 280. చేతిలో ఉన్నదే 200 కాబట్టి చాలామంది కోటా ముగియకముందే రిటైరవుతారు.

లెక్కలొచ్చినవాళ్ళు ఎరుపు, నలుపు అంకెల చక్రం తిప్పే రూలెట్ వైపు జరుగుతారు. ఒకే సున్నా ఉన్న రూలెట్‌లో కోత 2.7 శాతమే కదా అని. యాజమాన్యానికి లెక్కలు రావనుకోవడం పాపం. రూలెట్ లాంటి టేబుల్ ఆటల్లో కాసినదాంట్లో 10 శాతమే కోటాకి జమ అన్న పట్టిక షరతుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. అప్పుడు 3,500 పూర్తి కావాలంటే 35,000 తిప్పాలి, కోత 945. కెమెరా ముందు మనిషి నడిపే లైవ్ డీలర్ ఆటలకు చాలాచోట్ల జమ సున్నా. పోనీ ఎరుపు మీదా నలుపు మీదా ఒకేసారి కాద్దామంటే అది బోనస్ దుర్వినియోగం, ఖాతా మూత.

క్రమశిక్షణ కూడా గట్టిదే. బోనస్ నడుస్తున్నంతసేపూ ఒక్కో పందెం 5 దాటకూడదని మామూలుగా ఒక నిబంధన. 6 నొక్కితే చాలా సైట్లలో తెర ఆపదు. స్పిన్ తిరుగుతుంది, గెలిస్తే బ్యాలెన్స్‌లో పడుతుంది, అందరూ సంతోషం. డబ్బు తీసుకునే రోజున చిట్టా విప్పి ఆ ఒక్క స్పిన్ చూపించి గెలుపంతా రద్దు చేస్తారు. జనం ఎక్కువగా జారిపడేది స్లాట్‌లోని బోనస్ రౌండును నేరుగా కొనిపించే ‘బోనస్ బై’ బటన్ దగ్గర. పందెం 1 అనే కనబడుతుంది, కానీ దాని ధర తరచూ పందేనికి 100 రెట్లు. ఒక్క నొక్కుతో 100 కాసినట్టు.

ఫ్రీ స్పిన్లు మరీ ముద్దొస్తాయి. 50 స్పిన్లు అంటే ఘనంగా ఉంటుంది, ఒక్కోటి 0.10 విలువ, వెరసి 5. అందులో గెలిచిందీ బోనస్ ఖాతాలోకే పోయి మళ్ళీ వేజరింగ్ వరసలో నిలబడుతుంది.

ఇన్ని దాటి కోటా పూర్తిచేసినవాడికి రెండు సన్మానాలు. బోనస్ స్టికీ రకమైతే ఇచ్చిన 100 వెనక్కి లాగేసుకుని మిగిలింది ఇస్తారు. డబ్బు వేసేటప్పుడు అడగని గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, కార్డు ఫోటో ఇప్పుడు కావాలి. మా ఇంటికొస్తే ఏం తెస్తావ్, మీ ఇంటికొస్తే ఏం ఇస్తావ్? ఆ పరిశీలన సాగినన్నాళ్ళూ విత్‌డ్రా పక్కన ‘రద్దు చేసి ఆడండి’ అన్న బటన్ వెలుగుతూనే ఉంటుంది. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్‌కి ఈ సౌకర్యం గిట్టలేదు, 2021లో నిషేధించింది. 2025లో వేజరింగ్ 10 రెట్లు మించరాదని కూడా ప్రకటించింది. ఆరు గంటల పనిని రెండు గంటల లోపుకు కుదించేస్తే ఉపాధి గతి ఏం కాను?

రాజీనామాకూ దారి ఉంది. డిపాజిట్ పేజీలో బోనస్ గడి ముందే టిక్ పెట్టి ఉంటే తీసేయాలి. మరిచిపోతే మొదటి స్పిన్ వేయకముందే చాట్‌లోకి వెళ్ళి రద్దు చేయమనాలి, ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. స్పిన్ వేశాక అడిగితే బోనస్‌తో పాటు దాంతో గెలిచిందీ పోతుంది. బోనస్ లేకుండా ఆడినా ఆ 4 శాతం కోత ఎటూ పోదు, ఆరు గంటల నిర్బంధమే తప్పుతుంది. చాట్‌లో మర్యాదగా రద్దు చేస్తారు, ఆ వెంటనే మీకోసం ప్రత్యేకంగా 50 శాతం రీలోడ్ ఆఫర్ (మళ్ళీ డబ్బు వేస్తే ఇచ్చే బోనస్) ఉందంటారు. దాని వేజరింగ్ 40 రెట్లు.