వార్డెన్ వెళ్లిపోయాక

సంక్రాంతికి మా అక్క కొడుకు ఇంటికొచ్చాడు. విజయవాడ శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో సీనియర్ ఇంటర్. కనుమ నాడు ఇల్లంతా పడుకుని ఉంటే, వాడొక్కడే 5 గంటలకే లేచి కెమిస్ట్రీ ముందేసుకుని కూర్చున్నాడు. కాసేపు పడుకోరా అన్నాను. "పడుకుంటే టెన్షన్‌గా ఉంటోంది మావయ్యా" అన్నాడు.

ఆ మాటకి నాకు కొరియాలో పుట్టి జర్మనీలో స్థిరపడ్డ తత్వవేత్త బ్యుంగ్ చుల్ హాన్ గుర్తొచ్చారు. ఆయన జీవితం మన జిల్లాల వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. 1959లో సియోల్‌లో పుట్టారు. చదివింది మెటలర్జీ, మనసేమో సాహిత్యం మీద. ఇంట్లో ఒప్పుకోరని అమ్మానాన్నలకి అబద్ధం చెప్పి, జర్మన్ సరిగా రాకుండానే జర్మనీ వెళ్లిపోయారు. 1994లో జర్మన్ తత్వవేత్త హైడెగర్ మీద పరిశోధనకు డాక్టరేట్ తీసుకున్నారు, తర్వాత బెర్లిన్‌లో పాఠాలు చెప్పారు.

ఇంగ్లీషులో 'ది బర్నౌట్ సొసైటీ' (అలసి సొలసిన సమాజం)గా వచ్చిన ఆయన పుస్తకం 2010 నాటిది. వంద పేజీలు కూడా ఉండదు. జైళ్లు, బ్యారక్‌లు, ఫ్యాక్టరీలతో మనుషుల్ని అదుపులో పెట్టిన కాలం పోయిందంటారు అందులో. ఇప్పుడు 'చెయ్యాలి' అని ఎవరూ గద్దించరు, 'నువ్వు చేయగలవు' అంటారు. దాంతో కొరడా మన చేతికే వస్తుంది, కొట్టేదీ మనమే, దెబ్బలు తినేదీ మనమే.

ఇక్కడే నాకు ఆయనతో పేచీ. పాత కాలం పోలేదు. విజయవాడ పక్కన పోరంకి, గూడవల్లి వైపు కాలేజీలకి వెళ్లి చూడండి. గేటుకి తాళం ఉంటుంది, గేటు పక్కనే ర్యాంకుల ఫ్లెక్సీ ఉంటుంది. స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, మార్కులు తగ్గితే సెక్షన్ మార్చడం. రెండేళ్లు వార్డెన్ లేపుతాడు. ఆ తర్వాత వార్డెన్ అక్కర్లేదు, పిల్లాడే లేస్తాడు. హాన్ ఒకదాని తర్వాత ఒకటిగా చెప్పిన రెండు కాలాలూ మన దగ్గర ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. మొదటిది రెండోదానికి కోచింగ్ ఇస్తోంది.

ఇంకొకటి. హాన్ చెప్పే మనిషి తనతో తానే పోటీ పడతాడు. మావాడు పరిగెత్తేది తనకోసం మాత్రమే కాదు. మా బావ కౌలుకి మిర్చి వేస్తాడు. యార్డులో రేటు పడిపోయిన ఏడు కూడా ఫీజు కట్టాల్సిందే. నిద్రపోతే నాన్న డబ్బు కరిగిపోతున్నట్టుంటుంది వాడికి. ఈ బాకీ బరువు మీద హాన్ చూపు అంతగా పడలేదనిపిస్తుంది.

అయినా ఆ పుస్తకంలో ఒక పోలిక నన్ను వదలదు. ఒకేసారి నాలుగు పనులు చేయడం గొప్ప కాదు, అడవిలో జంతువు చేసేదదే అంటారు హాన్. తింటూనే శత్రువు వస్తాడేమోనని చుట్టూ చూసుకుంటుంది, తిండి మీద మనసు నిలవదు. మా అక్క అరిసెలు పెడితే వాడు ఫార్ములాల కాగితం చూస్తూ తిన్నాడు. బెల్లం సరిపోయిందా అని అడిగితే వెంటనే చెప్పలేకపోయాడు.

మర్నాడు బస్టాండులో దించుతూ, ఈ ఆదివారం టెస్ట్ రాయకపోయినా ఫర్వాలేదురా అనబోయి ఆగిపోయాను. ఈ ఏడాది రెండో టర్మ్ ఫీజులో సగం కట్టింది నేనే.