కూల్చివేత లెక్కలో రాని పొగ

పోయిన ఏడాది మే నెలలో తిరుపతి దగ్గరి చంద్రగిరికి వెళ్ళినప్పుడు మా చిన్నాయన నన్ను పడసాలలో కూర్చోబెట్టి ఒక ఒప్పంద పత్రం చేతికిచ్చారు. మా ముత్తాత కట్టించిన తొట్టికట్టు ఇంటిని పడగొట్టి, ఆ స్థలంలో ఐదంతస్తుల అపార్టుమెంటు లేపి, వాటాదారులకు తలా ఒక ఫ్లాటు ఇస్తానని ఒక బిల్డరు ముందుకొచ్చాడు. "అందరూ సరేనన్నారు నాయనా, నీ సంతకమొక్కటే తక్కువ" అన్నారు చిన్నాయన. బయట ఎండ 42 డిగ్రీలుంది. కరెంటు పోయి గంట దాటినా, రెండడుగుల మందం గోడల మధ్య మేమిద్దరం చెమట పట్టకుండా మాట్లాడుకుంటున్నాం. ఆ పత్రంలో స్థలం విలువ ఉంది, ఫ్లాట్ల కొలతలున్నాయి, పాత టేకు దూలాలకూ తలుపులకూ ఎంత ధర పలుకుతుందో కూడా రాసి ఉంది. ఈ ఇల్లు కూల్చి మరొకటి కడితే ఎంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందన్న లెక్క మాత్రం ఎక్కడా లేదు. అది ఎవరూ అడగని లెక్క. ఊరు వదిలి అమెరికాలో ఉంటున్న మనలాంటివాళ్ళం తప్పకుండా అడగవలసిన లెక్క అని చెప్పడానికే మన సంఘం పత్రికకు ఈ వ్యాసం రాస్తున్నాను.

వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు మనకు కార్లు, విమానాలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు గుర్తుకొస్తాయి. ఇంధనం మండించడం వల్లా, పారిశ్రామిక ప్రక్రియల వల్లా ప్రపంచమంతటా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు పైగా భవనాలకూ వాటి నిర్మాణానికీ చెందినదేనన్న సంగతి అంతగా గుర్తుకు రాదు. ఒక్క సిమెంటు వాటాయే 7 నుంచి 8 శాతం. ఆ సిమెంటు ఉత్పత్తిలో చైనా తర్వాతి స్థానం మన దేశానిదే. సిమెంటు కొలిమిని సౌర విద్యుత్తుతో నడిపినా ఈ చిక్కు పూర్తిగా తీరదు. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు ఆ రాయిలో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ విడిపోయి పైకి పోతుంది. అలా కాల్చగా వచ్చే, పొడి చేస్తే సిమెంటయ్యే గట్టి ముద్దలను క్లింకరు అంటారు; ఒక టన్ను క్లింకరు తయారైతే, బొగ్గు పొగను పక్కన పెట్టినా, రాయి నుంచే అర టన్నుకు పైగా వాయువు వెలువడుతుంది.

మా ఇంటి విషయానికే వస్తాను. చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఉక్కు పడుతుందని మన ఇంజనీర్లు అంచనా వేసుకుంటారు. పదివేల చదరపు అడుగుల అపార్టుమెంటుకు ఆ లెక్కన నాలుగువేల బస్తాలు, అంటే 200 టన్నుల సిమెంటు, 40 టన్నుల ఉక్కు కావాలి. టన్ను సిమెంటుకు 0.6 టన్ను, టన్ను ఉక్కుకు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ చొప్పున తక్కువలో తక్కువ వేసుకున్నా మొత్తం 200 టన్నులవుతుంది. ఇటుకల బట్టీలు, టైల్సు, లిఫ్టు, ఇసుక లారీల డీజిలు ఇందులో చేర్చలేదు. అమెరికా నుంచి చెన్నైకి విమానంలో వచ్చి వెళ్ళే ఒక ప్రయాణికుడి వాటా సుమారు రెండు టన్నుల పైచిలుకు. అంటే మన సంఘంలో ఎనభైమందికి పైగా ఒకసారి ఊరికి వెళ్ళిరావడంతో సమానమైన భారాన్ని, ఒక్క సంతకంతో, ఎవరూ లోపల అడుగు పెట్టకముందే గాలికి వదిలినట్టు.

ఆ అపార్టుమెంటులో పది కుటుంబాలు ఉంటాయి కదా, ఒక్కో ఇంటికి చూస్తే అంత ఎక్కువేమీ కాదు కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. తిరుపతి పెరుగుతున్న ఊరు. కొండకు వచ్చే యాత్రికులకు, విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలకు, ఆసుపత్రులకు వచ్చే రోగులకు గదులు కావాలి. కొత్త కట్టడాలే వద్దని నేను అనడం లేదు. కానీ మా వాటాదారులు ఆరుగురిలో నలుగురం విదేశాల్లో ఉన్నాం. మా ఫ్లాట్లకు తాళాలు పడతాయని మాకు తెలుసు. ఊళ్ళో మనకంటూ ఒకటి ఉండాలన్న మమకారంతో కట్టించుకొని, ఏడాదిలో పది రోజులు తెరిచే ఇళ్ళు తిరుపతిలో ఎన్ని ఉన్నాయో ఈ పత్రిక చదివే ప్రతి ఒక్కరికీ తమ తమ కుటుంబాల్లో చూస్తేనే తెలుస్తుంది. ఎవరూ ఉండని ఇంటి కోసం, ఎవరైనా ఉండదగిన ఇంటిని పడగొట్టడం నాకు మింగుడు పడలేదు.

పాత ఇల్లు తన పొగను ఎప్పుడో వదిలేసింది. మా ఇంటి ఇటుకలు కాల్చి దాదాపు వందేళ్ళయింది. దూలాల మీద వాసాలు పరిచి, సన్న ఇటుకలను ఐమూలగా నిలబెట్టి, సున్నంతో బిగించిన మద్రాసు టెర్రస్ మిద్దె అది. చిత్తూరు, తిరుపతి పాత వీధుల్లో ఇలాంటివి ఇంకా మిగిలి ఉన్నాయి. సున్నానికి ఒక గుణముంది. దాని కోసం సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే చాలు. గోడకెక్కి గట్టిపడే క్రమంలో, రాయి నుంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగాన్ని గాలి నుంచి తిరిగి పీల్చుకుంటుంది. సున్నంతో కట్టిన గోడను విప్పితే ఇటుకలు చెక్కుచెదరకుండా విడివడి మరో గోడకు పనికొస్తాయి. సిమెంటుతో కట్టిన గోడను పగలగొడితే మిగిలేది ముక్కలే, ఆ ముక్కలు చేరేది రోడ్ల పక్కకు, చెరువుల అంచులకు.

సిమెంటు వల్ల మా ఇంటికే ఒక దెబ్బ తగిలింది. ఇరవై ఏళ్ళ కిందట తూర్పు గదిలో సున్నం పూత రాలుతోందని, ఒక కాంట్రాక్టరు చెప్పిన మాట విని, గోడలకు సిమెంటు పూత వేయించారు. నాలుగేళ్ళకే మోకాలెత్తు వరకూ చెమ్మ ఎక్కింది. ఆ పైన తెల్లగా ఉప్పు పూసింది. నేల నుంచి ఎక్కే తడి సున్నం గోడలోంచి ఆవిరై బయటికి పోతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. "పాత ఇల్లు గదా, ఇంతే" అని అందరూ సరిపెట్టుకున్నారు. పోయిన వేసవిలో నేను బతిమాలి పిలిపించిన డెబ్బై ఏళ్ళ మేస్త్రీ, తాపీ పిడితో ఆ గోడను కింది నుంచి పైదాకా తడుతూ పోయాడు. ఒకచోట గట్టిగా, ఒకచోట డొల్లగా పలికింది. డొల్లగా పలికిన చోట ఉలితో ఒక్క పోటు వేయగానే చాపంత సిమెంటు పెళ్ళ ఊడిపడింది, దాని వెనక ఇటుకలు చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉన్నాయి. "గోడకు ఊపిరాడలేదు సామీ, ఇటుక మంచిదే" అన్నాడాయన. పాడైన ఇటుకలు మార్చి, సున్నపురాళ్ళు గుంటలో నానబెట్టి, గానుగ తిప్పే ఎద్దులు ఇప్పుడు లేవు గనుక మరలో రుబ్బించి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు కలిపి పూశాడు. మొత్తం పనికి మూడు వారాలు పట్టింది. వాడిన సిమెంటు సున్న.

చంద్రగిరి కోటలోని రాజమహలును మనందరం చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి చూసినవాళ్ళమే. మూడంతస్తుల ఆ కట్టడంలో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. విజయనగర రాజుల రాజధాని పెనుకొండ నుంచి 1592లో చంద్రగిరికి మారింది. ఆ రాజ్యం పోయి, తర్వాతి పాలకులూ పోయి, నేడు అదే మహలులో పురావస్తు శాఖ వారి ప్రదర్శనశాల నడుస్తోంది. ప్రదర్శనశాల కోసం వేరే భవనం కట్టకుండా, ఉన్నదాన్నే వాడుకోవడం కంటే పర్యావరణానికి మేలైన నిర్మాణ పని ఏముంటుంది? మండు వేసవిలో దాని కమానుల కింద నిలబడినవారికి చల్లదనం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మందపాటి గోడ పగటి వేడిని నెమ్మదిగా తాగుతుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు వాలి, బయటి గాలి చల్లబడుతుంది. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నానికే కాగి, అర్ధరాత్రి దాకా మంచం మీద వేడిని కుమ్మరిస్తుంది. దాని కింద ఏసీ లేకుండా నిద్రపోలేం. ఆ ఏసీకి కావలసిన కరెంటు మన దేశంలో ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది.

కొత్త భవనాలు కరెంటు తక్కువ వాడేలా కట్టవచ్చు కదా అన్నది రెండో ప్రశ్న. అమెరికాలో చారిత్రక కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే జాతీయ ట్రస్టు 2011లో దీన్నే లెక్కగట్టింది. సగటు పాత భవనం కంటే 30 శాతం పొదుపుగా నడిచే కొత్త భవనం కూడా, తన నిర్మాణం వల్ల వాతావరణానికి జరిగిన చెరుపును తీర్చుకోవడానికి భవనం రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్ళు పడుతుందని తేలింది. భూతాపాన్ని అదుపు చేయడానికి మన చేతుల్లో ఉన్నది రాబోయే ఇరవై, ముప్పై ఏళ్ళే. ఈ రోజు వదిలిన టన్నును ఎనభై ఏళ్ళ తర్వాత తీర్చుకుంటామంటే మన మనవళ్ళకు ఒరిగేదేముంది?

నేనుంటున్న పిట్స్‌బర్గ్ ఒకప్పుడు ఉక్కు పొగలో మునిగిన ఊరు. ఇక్కడ 1901లో ప్రారంభమైన రైల్వే స్టేషను 1970ల చివరలో భోజనశాలగా మారింది. నది ఒడ్డున ఉన్న పాత ఎర్రటి గిడ్డంగుల్లో ఇప్పుడు కుటుంబాలు కాపురముంటున్నాయి. ఆదాయమిచ్చే చారిత్రక భవనాన్ని పద్ధతిగా బాగుచేస్తే ఖర్చులో 20 శాతం మేరకు ఈ దేశం పన్ను తగ్గిస్తుంది. మన దగ్గర 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 2010 సవరణ తర్వాత, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాన్ని నిషేధిస్తోంది, ఆపైన 200 మీటర్లలో అనుమతి తీసుకోమంటోంది. కోటను కాపాడటానికి అది అవసరమే. అయితే మా ఇల్లు ఆ గీతకు అవతల ఉంది. గీతకు అవతల ఉన్న వందేళ్ళ ఇంటిని నిలబెట్టుకున్నవాడికి ఒక్క రూపాయి పన్ను తగ్గదు, కూల్చినవాడికి ప్లాను చేతికొస్తుంది. రక్షిత జాబితాలో లేని పాత ఇళ్ళ మరమ్మతుకు ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వడం, కూల్చివేత అనుమతి కోరేటప్పుడు కార్బన్ లెక్క జతచేయమనడం మన పురపాలక సంఘాలకు అసాధ్యమైన పనులు కావని నా నమ్మకం.

మరమ్మతును వాయిదా వేస్తే ఏమవుతుందో మన జిల్లా కళ్ళారా చూసింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. దాని మీద పగుళ్ళు అంతకుముందే కనిపిస్తుండేవి. కొత్త గోపురం 2017లో లేచింది, భక్తులకు అది సంతోషమే. కానీ దాదాపు ఐదువందల ఏళ్ళు నిలిచిన దాన్ని పగుళ్ళప్పుడే ఆదుకొని ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు, ఇసుక బస్తాలతో ఆ పాత కట్టను నిలబెట్టుకున్నారు. పాత నిర్మాణాలు నిలబడితే నీళ్ళు నిలుస్తాయి, ఊళ్ళు నిలుస్తాయి. వాతావరణం అదుపు తప్పుతున్న కొద్దీ ఆ అవసరం పెరుగుతుంది.

ఇక మన సంఘాల సంగతి. ఊరి గుడి జీర్ణోద్ధరణకు మనం ఏటా చందాలు పంపుతున్నాం. ఆ డబ్బుతో రాతి మండపాన్ని తీసేసి కాంక్రీటు హాలు వేయడం, గచ్చు నేలను తవ్వి గ్రానైటు పరవడం నేను మా వైపు పల్లెల్లో స్వయంగా చూశాను. చేసినవారిది భక్తే, సందేహం లేదు. కానీ ఇచ్చేవారిగా ఒక షరతు పెట్టే హక్కు మనకుంది: పాత రాయి కదలకూడదు, సున్నం పని తెలిసిన మేస్త్రీ చేతనే బాగుచేయించాలి. అలాంటి మేస్త్రీలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. మా ఇంటికి వచ్చినాయన కొడుకు బెంగుళూరులో టైల్సు పని చేస్తున్నాడు, సున్నం పనికి ఏడాదిలో నాలుగు నెలలైనా కూలి దొరకదని. మన సంఘం ఇచ్చే విద్యార్థి వేతనాల్లో రెండింటిని ఈ పని నేర్చుకొనే యువకులకు కేటాయించాలని, వాళ్ళకు పని చూపించేలా ఊళ్ళలో మన ఇళ్ళనే ముందుగా అప్పగించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఆ ఒప్పంద పత్రం మీద నేను సంతకం చేయలేదు. చిన్నాయన కొన్నాళ్ళు మాట్లాడలేదు. కార్తీకంలో ఆయనే ఫోను చేసి, వానాకాలమంతా గడిచినా తూర్పు గది గోడకు చెమ్మ రాలేదని, విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే ఇద్దరు అమ్మాయిలు ఆ గదులు అద్దెకు అడుగుతున్నారని చెప్పారు. ఇంటిని కూల్చకుండా ఉంచడానికి మిగిలిన వాటాదారుల్లో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. పడమటి మిద్దె మీద రెండుచోట్ల సున్నం లేచిపోయింది, వచ్చే వానలలోగా దాన్ని మూయించాలి. సంక్రాంతి దాటాక వస్తానని మేస్త్రీ మాటిచ్చాడు, కొడుకును కూడా వెంటబెట్టుకొని.