సవరణ: లారెల్ కాన్యన్ హత్యల గురించి

లాస్ ఏంజెలెస్‌లో ఒకప్పుడు రాక్ గాయకులకు నెలవైన లారెల్ కాన్యన్ గురించి రాసిన గత వ్యాసంలో, 1969 ఆగస్టులో చార్లెస్ మాన్సన్ అనే ముఠా నాయకుడి అనుచరులు నటి షారన్ టేట్‌తో సహా ఐదుగురిని చంపిన సియెలో డ్రైవ్ ఇల్లు అక్కడిదేనని పొరపాటున రాశాను. నిజానికి అది దానికి పడమరనున్న బెనెడిక్ట్ కాన్యన్‌లోనిది.

లారెల్ కాన్యన్‌లో జరిగినది 1981 జులై 1 నాటి వండర్‌ల్యాండ్ అవెన్యూ ఘాతుకం. గాయని జోని మిచెల్ వంటివారి కాలం అక్కడ అప్పటికే ముగిసింది. మాదకద్రవ్యాల ముఠా నివసించిన ఆ ఇంట్లో ఐదుగురు మరణించారనడమూ తప్పే: నలుగురు చనిపోగా, తీవ్రంగా గాయపడిన ఒక మహిళ బతికారు. నైట్‌క్లబ్బుల యజమాని ఎడ్డీ నాష్ ఇంట్లో అంతకు రెండు రోజుల ముందు జరిగిన దోపిడీకి ఇది ప్రతీకారమని ప్రాసిక్యూషన్ వాదించినా, హత్యాభియోగాల్లో 1982లో నటుడు జాన్ హోమ్స్, 1991లో నాష్ నిర్దోషులుగా బయటపడ్డారు కనుక, నాష్‌ను హంతకుడని తేల్చి రాసిన వాక్యాన్ని తొలగించాను.