డబ్బా మీద పేరు లేదు

బెర్లిన్ వచ్చి రెండు నెలలు. మొదటి జీతంలో దాదాపు సగం కోతే. ఎందుకయ్యా అంటే, నా ట్యాక్స్ నంబర్ ఆఫీసులో ఇవ్వలేదని అన్నిటికన్నా ఎక్కువ కోత పడే ఆరో క్లాసు పన్ను వేశారట. నంబర్ వస్తే కదా ఇచ్చేది! అది అడ్రస్ రిజిస్టర్ అయ్యాక, పోస్టులోనే వస్తుంది. ఇక్కడ మన అపార్ట్‌మెంట్లలోలాగా ఫ్లాట్ నంబర్లుండవు. పోస్టుడబ్బా మీద పేరుంటే ఉత్తరం, లేకపోతే వెనక్కే. మా డబ్బా మీద ఇంకా పాత అద్దెవాళ్ల పేరే. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ సర్కారు ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలని రూలు. అపాయింట్‌మెంట్ దొరికింది ఐదు వారాలకి. రూలూ వాళ్లదే, ఆలస్యమూ వాళ్లదే.

సరే, పేరు నేనే అంటిద్దామని కూర్చున్నా. ఇంగ్లిష్‌లో ఇంటిపేరే పదమూడు అక్షరాలు, అసలు పేరు ఇంకా పొడుగు. చీటీ చూస్తే చిటికెన వేలంత. ఇంటిపేరొక్కటే ఇరికించి రాసి టేపు వేశా. సాయంత్రానికి బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్ పీకేశాడు. అన్నీ ఒకే అచ్చులో ఉండాలట, చేతిరాత కుదరదట. కొత్త ప్లేటుకి పాతిక యూరోలు, మూడు వారాలు.

అమ్మేమో ఫోన్లో, "దానికింత టెన్షనెందుకురా, పోస్ట్‌మ్యాన్‌కి ఓసారి చెప్పుకో" అంటుంది. ఏ పోస్ట్‌మ్యానమ్మా? రెండు నెలల్లో ఆయన మొహమే చూళ్లేదు.