నాడి ఆడుతోందని నిశ్చింతగా ఉండకండి

"ఎముక విరిగితే ఆసుపత్రికి పరుగెత్తకండి" అంటూ అయిదు సూత్రాల సందేశమొకటి కొన్నాళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతోంది. బంధువులు పంపితే సర్దుకోవచ్చు. ఎంబీబీఎస్ చదువుతున్నవారు, హౌస్‌సర్జన్లు సైతం "ఇందులో కొంత నిజముంది కదా సార్" అంటూ పంపుతుంటే ఊరుకోవడం కష్టంగా ఉంది. కొంత నిజం ఉన్నమాట వాస్తవమే. దాని సంగతి తరువాత చెబుతాను.

నల్లేరు పచ్చడి, మేక కాళ్ల సూపు ఎముకను అతికిస్తాయన్న నాలుగో సూత్రం మీద కాలం వృథా చేయనక్కరలేదు. ఇష్టమైనవారు తినవచ్చు. పక్కకు జరిగిన ముక్కను తిరిగి వరుసలోకి తెచ్చే ఆహారం ఏదీ లేదు.

వేళ్లు కదిలితే ఎముక విరగనట్టే అన్నది మొదటి సూత్రం. వేళ్లను ముడిచే, చాచే ప్రధాన కండరాలు ముంజేతిలో ఉంటాయి కనుక, మోచేతి పైన విరిగినా, మణికట్టు దగ్గర విరిగినా చాలామంది వేళ్లు ఆడించగలరు. పైగా "వేళ్లు కదుపు" అని మాత్రమే అడిగి వదిలేస్తే నరం దెబ్బ కూడా మన కన్ను తప్పుతుంది. పిల్లల్లో మోచేతికి కాస్త పైన వచ్చే సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్‌లో, కింది ముక్క వెనక్కి జరిగినప్పుడు, అన్నిటికన్నా తరచుగా దెబ్బతినేది మీడియన్ నరపు శాఖ అయిన యాంటీరియర్ ఇంటరాసియస్ నరం. చర్మ స్పర్శతో దానికి సంబంధం లేదు కనుక తిమ్మిరి కనిపించదు. బొటనవేలి కొన, చూపుడువేలి కొన కలిపి సున్నా చుట్టమనండి. నరం పనిచేయకపోతే ఆ రెండు వేళ్ల చివరి కణుపులు వంగవు. సున్నా ఏర్పడదు, వేళ్ల మెత్తలు చదునుగా ఆనుకుంటాయి.

నన్ను ఇది రాసేలా చేసింది రెండో సూత్రం. "కట్టు ఎంత బిగిస్తే ఎముక అంత త్వరగా అతుకుతుంది, మొదటి రెండు రోజుల నొప్పి అతుకుతోందనడానికి గుర్తు, నాడి ఆడుతున్నంతసేపు భయం లేదు" అని రాశారు. మూడు మాటలూ తప్పే. మూడింటినీ కలిపి నమ్మితే ఒక పిల్లవాడి చెయ్యి జీవితాంతం పనికిరాకుండా పోతుంది. ముంజేతి కండరాలు సాగని పొరల మధ్య ఇమిడి ఉంటాయి. లోపల వాపు పెరుగుతూ, బయట కట్టు దానికి చోటివ్వకపోతే, ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ధమనిలో ఒత్తిడి అంతకన్నా ఎక్కువ కనుక మణికట్టు దగ్గర నాడి ఆడుతూనే ఉంటుంది, కండరం మాత్రం చచ్చిపోతుంటుంది. రక్తం పూర్తిగా అందకపోతే సుమారు 4 గంటల తరువాత దెబ్బ మొదలై, 8 గంటలు దాటితే చాలావరకు తిరిగిరాదు. రెండు రోజులు ఓర్చుకోమని ఏ పుస్తకం చూసి రాశారు? ఆ తరువాత ఆ చెయ్యి పట్టుకుని చూసే బాధ్యత రాసినవారిది కాదు కదా!

బిగువు కట్ల తరువాత వచ్చే ఈ వైకల్యాన్ని జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫాన్ వోల్క్‌మన్ 1881లోనే వర్ణించాడు. ఆ చేతిని ఒక్కసారి పరీక్షిస్తే మరచిపోలేరు: మణికట్టును కిందికి వంచితే వేళ్లు కాస్త తెరుచుకుంటాయి, పైకెత్తితే గోళ్లు అరచేతిలోకి దిగేలా ముడుచుకుపోతాయి. అంతదాకా రానివ్వకుండా ఉండాలంటే మొదటి గుర్తును పట్టుకోవాలి. పిల్లవాడు నొప్పి మందు ఇచ్చినా ఊరుకోకుండా మళ్లీ మళ్లీ ఏడుస్తుంటే, వేళ్లను మెల్లగా చాచగానే కేక పెడితే, నాడి కోసం వెతుకుతూ కూర్చోకండి. కట్టునూ, దాని కింది దూదినీ చర్మం కనబడేదాకా కోసి విప్పండి, చేతిని గుండె ఎత్తులోనే ఉంచండి. అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం లేకుండా ఫేషియాటమీ, అంటే ఆ సాగని పొరలను కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్, చేయాలి.

మణికట్టు వాలిపోతే నరం తెగిపోయినట్టే, చెయ్యి పోయినట్టే అన్న మూడో సూత్రం అనవసరంగా భయపెడుతుంది. దండ ఎముక (భుజానికీ మోచేతికీ మధ్య ఉండేది) నడుమ విరిగినవారిలో సుమారు పదిమందికొకరికి, మణికట్టును పైకెత్తే కండరాలను నడిపే రేడియల్ నరం దెబ్బతింటుంది. ఎముక చర్మం చీల్చుకుని బయటకు రానివారిలో అధికశాతానికి ఆపరేషన్ లేకుండానే శక్తి తిరిగివస్తుంది. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కనుక, మణికట్టును పైకెత్తి ఉంచే కాక్‌అప్ స్ప్లింట్ పెట్టి, వేళ్ల కీళ్లు బిగుసుకోకుండా రోజూ కదిలిస్తూ, ముందుగా కోలుకునే బ్రేకియోరేడియాలిస్ అనే ముంజేతి కండరంలో కదలిక వస్తుందేమోనని మూడు నాలుగు నెలలు చూడాలి.

ఇక ప్రతి ఫ్రాక్చర్‌కూ ఆపరేషన్ అక్కరలేదన్న అయిదో సూత్రం. ఇది నిజం, మనలో కొందరు ఒప్పుకోని నిజం. కాలర్‌బోన్ చాలామందిలో స్లింగ్‌తోనే అతుకుతుంది. దండ ఎముకకు ఎముకల సర్జన్ సార్మియంటో ప్రచారంలోకి తెచ్చిన బ్రేస్ (చేతి చుట్టూ తొడిగే పట్టీ) కూడా, నాటు వైద్యుడి వెదురు బద్దల మాదిరిగానే, భుజాన్నీ మోచేతినీ కదలనిస్తూ చుట్టూ ఉన్న కండరాన్ని ఆసరాగా వాడుకుంటుంది. ఇంకొకటీ ఒప్పుకోవాలి. వాచిన చేతికి మొదటి రోజే చుట్టూ పూర్తి ప్లాస్టర్ వేసి, వారం తరువాత రమ్మని పంపితే ఆసుపత్రి చేసేదీ అదే హాని. అందుకే ముందు స్లాబ్ (చుట్టూ మూయకుండా ఒకవైపే ఆసరాగా పెట్టే ప్లాస్టర్ బద్ద) వేయండి, వాపు తగ్గాక ప్లాస్టర్ సంగతి చూడవచ్చు. నొప్పి పెరిగినా, వేళ్లు చాచితే బిడ్డ ఏడ్చినా అర్ధరాత్రయినా సరే వెంటనే తీసుకురమ్మని తల్లిదండ్రులకు తెలుగులో చెప్పి, చీటీ మీద కూడా రాసి ఇవ్వండి.