దేవుడికి థాంక్స్ చెప్పారు సరే, ఆ మనిషికి చెప్పారా?

ఉద్యోగం వచ్చింది, దేవుడికి స్తోత్రం. ఆపరేషన్ బాగా జరిగింది, దేవుడికి స్తోత్రం. చర్చిలో ఎవరి సాక్ష్యం (దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం) విన్నా ఇదే వరస. అందులో తప్పేమీ లేదు, అవన్నీ మేళ్లే. కానీ ఆపరేషన్ అయిన రాత్రి తెల్లవార్లూ ఆస్పత్రి వరండాలో కూర్చున్న స్నేహితుడి ఊసు మాత్రం ఆ సాక్ష్యంలో ఎక్కడా రాదు. ఎవరైనా గుర్తు చేస్తే, "అతన్ని పంపింది కూడా దేవుడే కదండీ, మహిమంతా ఆయనకే" అనేస్తారు. పైకి ఎంత భక్తి! నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

పంపింది దేవుడే. నేనూ అదే నమ్ముతాను. శ్రేష్ఠమైన ప్రతి ఈవీ పైనుంచే వస్తుందని బైబిల్లో యాకోబు పత్రిక, అంటే ఆయన రాసిన ఉత్తరం, మొదటి అధ్యాయంలోనే ఉంది. కానీ వచ్చినవాడు నిద్ర మానుకుని, పనికి సెలవు పెట్టుకుని వచ్చాడు. "రాలేను" అనే వీలు ఉండి కూడా వచ్చాడు. దేవుణ్ని పొగిడే వంకతో ఆ మనిషి పడ్డ శ్రమని మింగేయడాన్ని భక్తి అనను నేను. అది చేసిన మేలు ఎగ్గొట్టడం.

యోనాతాను సంగతే చూడండి. బైబిల్లో సౌలు రాజు కొడుకు, దావీదుకి ప్రాణ స్నేహితుడు, తండ్రి తర్వాత రాజ్యం తనదే. ఈ దావీదు బతికున్నంత కాలం నీకు రాజ్యం నిలవదని సౌలు అతని మొహం మీదే చెప్పాడు, ఈటె కూడా విసిరాడు. అయినా స్నేహం వదల్లేదు. అంతకుముందే తన అంగీ, కత్తి, విల్లు, నడికట్టు తీసి దావీదు చేతిలో పెట్టినవాడు మరి. దావీదు ఏం చేశాడు? "దేవుడు నాకోసం యోనాతానుని వాడుకున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడా? యోనాతాను యుద్ధంలో చనిపోతే పేరు పెట్టి ఏడ్చాడు, విలాప గీతం కట్టాడు. తాను రాజయ్యాక సౌలు ఇంటివాళ్లు ఎవరైనా మిగిలారేమో వెతికించి, రెండు కాళ్లూ కుంటివైన యోనాతాను కొడుకు మెఫీబోషెతుని పిలిపించి, తాత భూములన్నీ తిరిగిచ్చి, తన బల్ల దగ్గరే భోజనం చేసేలా ఏర్పాటు చేశాడు. దేవుణ్ని స్తుతించడం దావీదుకి ఒకరు నేర్పాలా? అయినా స్తుతి చేశాను కదా, స్నేహితుడి బాకీ చెల్లిపోయిందిలే అనుకోలేదు.

ఇంకో రకం వాళ్లున్నారు. "దేవుడు తోడుంటే చాలు, మనుషులతో పనేంటి" అంటారు. వీళ్లకి నేను చూపించేది తిమోతికి పౌలు రాసిన రెండో పత్రిక, నాలుగో అధ్యాయం. పౌలు ఖైదులో ఉన్నాడు. విచారణలో మొదటిసారి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఒక్కరూ తన పక్షాన రాలేదని, ప్రభువే పక్కన నిలిచి బలపరిచాడని రాశాడు. మరి ప్రభువు నిలిచాడు కదా, ఇంకేం కావాలి? కావాలి! అదే అధ్యాయంలో, త్వరగా రమ్మని తిమోతిని అడుగుతాడు. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీ తెమ్మంటాడు, పుస్తకాలు తెమ్మంటాడు, చలికాలం రాకముందే వచ్చేయమంటాడు. అంత విశ్వాసం ఉన్నవాడికి చలి వేసింది, చదువుకోవాలనిపించింది, స్నేహితుణ్ని చూడాలనిపించింది. అది విశ్వాసంలో లోటని ఎవరైనా అనగలరా?

అంగీ, పుస్తకాలు అన్నాను కదా, స్నేహం ఒక్కటే కాదు. మంచి నిద్ర, చేతినిండా పని, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు, ఇవన్నీ దేవుడి చేతి నుంచే. తిని తాగి, పడ్డ కష్టంలో సుఖం చూడటం కూడా దేవుడిచ్చిన బహుమానమే అంటుంది ప్రసంగి గ్రంథం. మనలో కొందరికి సంతోషంగా ఉండాలంటేనే టెన్షన్, ఎక్కువ నవ్వితే ఏడవాల్సి వస్తుందేమోనని. ఇచ్చినవాడు లాక్కోవడానికే ఇచ్చాడనుకుంటే అదేం నమ్మకమో నాకర్థం కాదు.

అన్నట్టు, బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుని తప్పు నీదేనని నిందించినందుకు అతని స్నేహితుల్ని అందరూ తిడతారు గానీ, మొదట్లో వాళ్లు చేసింది మనలో ఎవరూ చేయలేరు. ఏడు రోజులు, ఏడు రాత్రులు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. చెడింది నోళ్లు తెరిచాకే. చావు కబురు వచ్చిన ఐదు నిమిషాలకే వాట్సాప్‌లో ఓదార్పు వచనాలు ఫార్వర్డ్ చేసే మనకి వాళ్లని తిట్టే అర్హత ఉందా?

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. స్నేహితుడు దేవుడిచ్చిన వరం అన్నామంటే, స్నేహితులు లేనివాళ్లని దేవుడు పక్కన పెట్టాడని అర్థం కాదు. వరం అంటే మన మంచితనానికి వచ్చిన జీతం కాదు కదా! గ్రూప్ ఫోటో పెట్టి, కింద "నేను ధన్యుణ్ని" అని రాసేటప్పుడు అది ఒంటరిగా కూర్చున్నవాళ్లు కూడా చూస్తారని కాస్త గుర్తుంచుకుంటే చాలు. బైబిల్లో 88వ కీర్తన అలాంటి ఒంటరివాళ్లదే. నా ప్రియుల్ని, స్నేహితుల్ని నాకు దూరం చేశావని దేవుడి మొహం మీదే అంటాడు ఆ కీర్తన రాసినాయన. చివర్లో ఊరట లేదు, స్తోత్రం లేదు, చీకటి గురించి చెప్పి ఆపేస్తాడు. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, మిగతా 149 కీర్తనలతో పాటే ప్రార్థనగా ఉంచారు. కాబట్టి ఒంటరితనంతో బాధపడుతున్న మనిషి దగ్గరికెళ్లి "నీ ప్రార్థనలోనే ఏదో లోపం ఉందమ్మా" అని సలహా చెప్పే పెద్దలు, ముందు ఆ కీర్తన చదువుకుని రండి.