మహారాజశ్రీ టీసీ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు బీరువాలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నిన్న మధ్యాహ్నం తమరి దర్శనానికి వచ్చాం. బీరువా తాళం గుమాస్తా గారి దగ్గర, గుమాస్తా గారేమో బామ్మర్ది పెళ్ళిలో. మూడింటికల్లా వచ్చేస్తారన్నారు. నాలుగింటికి ఫోన్ చేస్తే ఇంకా బంతిలోనే ఉన్నారు. సాయంత్రం బడి గేటు మూసేశారు. నాతో వచ్చిన పిల్లకు బట్టల షాపులో సగం రోజు జీతం పోయింది.

ఆ పిల్ల తమరికి తెలియనిది కాదు. తమరి రిజిస్టర్లో ఎడమ చెంప మీద పుట్టుమచ్చతో సహా ఉంది. తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడ్డాడు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రాలేదు. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. చీరలు మడతపెడుతూ, ఓపెన్ స్కూల్లో పది పూర్తి చేస్తానంటోంది.

ఓపెన్ స్కూలు మీద నాకు ఫిర్యాదు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో పెట్టారు. పద్నాలుగు నిండితే చాలు, పైన ఎంత వయసైనా ఫరవాలేదు. పేరు ఒక్కసారి నమోదైతే ఐదేళ్ళలో తొమ్మిది సార్లు పరీక్ష రాసుకోవచ్చు. తొమ్మిది సార్లు! తప్పినవాళ్ళ మీద ఇంత ఓపిక మన ఇళ్ళల్లో కూడా ఉండదు. కానీ ఆ పేరు నమోదు కావాలంటే తమరి కటాక్షం కావాలి. స్టడీ సెంటర్లో సారు మంచివాడు, ఉన్నమాట చెప్పాడు: "అసలు బడి మొహమే చూడనివాళ్ళకు సులువు మేడమ్, పుట్టిన తేదీ కాగితం చాలు. చదివి మానేసినవాళ్ళకే టీసీయో రికార్డు షీటో కావాలి."

బయటికి రాగానే ఆ పిల్ల నన్ను పక్కకు లాగింది. "అక్కా, నేను అసలు బడికే పోలేదని రాసేద్దామా?"

విన్నారా సార్? ఎనిమిది తరగతులు పాసై, తొమ్మిదిలో సగం చదివిన పిల్ల, తాను ఏమీ చదవలేదని అబద్ధం చెబితే తప్ప చదువుకోలేనని లెక్క తేల్చుకుంది. ఆ లెక్క నేర్పింది తమరే.

పోనీ, తమరు బీరువా దిగి రాకపోవడానికి కారణం తాళమేనా అంటే కాదు. ఫీజు బాకీ. అది కూడా ఏడాది మొత్తానిది. దసరాకే మానేసింది కదండీ అంటే, "సీటు ఖాళీగా ఉంచాం కదా" అన్నారు కరస్పాండెంటు గారు. ఎవరూ కూర్చోని బెంచీకి అద్దె. 2024లో మద్రాసు హైకోర్టు, టీసీ ఉన్నది ఫీజులు వసూలు చేసుకోవడానికి కాదని చెప్పింది. అది తమిళనాడు సంగతి, మనదాకా రాలేదని తమరు హాయిగా ఉన్నారు. విద్యాహక్కు చట్టంలో కూడా ఉంది: టీసీ ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోవడం ఆపకూడదు, ఇవ్వకుండా తిప్పించుకునే హెడ్మాస్టరు మీద చర్య తీసుకోవాలి. అదంతా ఎనిమిదో తరగతి వరకే. పిల్లలు ఎక్కువగా జారిపోయేది తొమ్మిది, పదుల్లో. చట్టం సరిగ్గా ఆ గుమ్మం ముందే చెప్పులు విడిచి నిలబడిపోయింది.

జూన్ రాగానే బడిబాట అని ర్యాలీలు, బ్యానర్లు, ఫొటోలు. మంచిదే. బాట చివర తమరున్నారని బ్యానర్ మీద వేయరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందూ తమరిలో వెనకా ఉండటం మరో కథ, దానికి నోటరీ దగ్గర వేరే పూజ.

తమరిలో ఒక గడి ఉంటుంది, "బడి మానుటకు కారణము" అని. పుట్టుమచ్చలు రెండూ శ్రద్ధగా రాస్తారు, ప్రవర్తన "సంతృప్తికరం" అంటారు, ఈ గడికొచ్చేసరికి మాత్రం "తల్లిదండ్రుల కోరికపై" అని రాసి ముద్ర కొట్టేస్తారు. ఏ తల్లిదండ్రుల కోరికయ్యా? మంచం మీద నడుము విరిగి పడున్న తండ్రి కోరాడా, కూతురి చదువు ఆపెయ్యమని? ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఎందుకు రావడం లేదని ఒక్కడూ ఇంటికొచ్చి అడిగిన పాపాన పోలేదు. వెళ్ళిపోయినప్పుడు అడ్డం పడనివాడివి, తిరిగొస్తానంటే అడ్డం పడతావా? ఒక కాగితం ముక్కవి, ఒక సంతకం, ఒక గుండ్రటి ముద్ర, అంతే కదా నీ బతుకు!

సోమవారం మళ్ళీ వస్తున్నాం. టీసీ కోసం అర్జీ రెండు కాపీలు తెస్తాం. ఒకటి తీసుకుని రెండోదాని మీద తేదీ వేసి ముద్ర కొట్టండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో కాగితం మీద రాసివ్వండి. అదీ రాయకపోతే ఆ కాపీతోనే మండల విద్యాధికారి ఆఫీసుకు పోతాం. ఆలస్య రుసుముతో దరఖాస్తుకు గడువు ఇంకా ఉంది, ఆ రుసుము నేనే కడతాను. నీ బాకీ మాత్రం పైసా కట్టను.